మిగిలిన సగం మందు

పోలీస్ స్టేషన్ గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి కాంపౌండర్ కొమురెల్లిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని ఇన్‌స్పెక్టర్ వెంకట్రాజం తీర్మానించేశాడు. కాగితాలన్నీ రాయించి, వాటి మీద టోపీ బరువు పెట్టి మరీ కూర్చున్నాడు.

"నాలుగైతే నీ ఆట బంద్, రామలింగం. అడిగేదేందో జల్ది అడుగు," అన్నాడు.

డిటెక్టివ్ రామలింగం జేబులోంచి గుప్పెడు పల్లీలు తీసి ఒకటి వొలిచాడు. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి పట్టి, ఆ విద్యతోనే హనుమకొండ చౌరస్తాలో గడియారాల రిపేరు దుకాణం పైన బోర్డు కట్టుకున్న మనిషి. పల్లీలు నమిలితేగాని ఆయన బుర్ర కదలదు. ఆయన వెళ్ళిన చోటల్లా పొట్టు రాలుతుంది. వెంకట్రాజానికి ఒళ్ళు మండేది సగం ఆ పొట్టు చూసే.

కేసు వినడానికి ఘోరంగానే ఉంది మరి. ఆ ఎనభై తొమ్మిది వానాకాలమంతా డాక్టర్ శారదగారి పిల్లల నర్సింగ్ హోములో టైఫాయిడ్ పిల్లలే. పాత మందులకు లొంగని జ్వరానికి ఆవిడ సెఫ్ట్రయాక్సోన్ అనే కొత్త యాంటీబయాటిక్ సూదులు వేయించింది. పద్నాలుగు మందికి వేస్తే పన్నెండు మంది ఆడుతూ పాడుతూ ఇళ్ళకు పోయారు. మిగిలిన ఇద్దరికీ కడుపునొప్పి. స్కానింగు తీస్తే ఏముంది, ఏడేళ్ళ పసివాళ్ళ పిత్తాశయాల్లో రాళ్ళు! ఆ ఇద్దరూ ఇత్తడి సామాన్ల వ్యాపారి పాండురంగం ఇంటివాళ్ళే. ఒకడు కొడుకు కొడుకు కిరణ్, ఒకతె కూతురి బిడ్డ మాధవి. సూదులన్నీ వేసింది కొమురెల్లి. సూది నొప్పి పుట్టించాడని పాండురంగం ఒకరోజు వార్డంతా వినేలా అతన్ని తిట్టాడు. ఆ పగతో వీడు మందు కాజేసి, సీసాలో సుద్దపొడి కలిపి నా మనవలకు ఎక్కించాడని ఇప్పుడు పాండురంగం ఫిర్యాదు.

దానికి తగ్గట్టు కొమురెల్లి ఇంట్లో బియ్యం డబ్బా వెనక పదకొండు ఖాళీ మందు సీసాలు దొరికాయి. పొద్దున ఏడింటికి సూదులు వేసి, ఏడూ ఇరవైకి సైకిలెక్కి పోయి, ఎనిమిదీ పదికి తిరిగొచ్చేవాడని వాచ్‌మన్ సాక్ష్యం. ఇక కావలసిందేముంది?

రామలింగం లాకప్పు ఊచల దగ్గర స్టూలు వేసుకున్నాడు. లోపల కొమురెల్లి నిద్ర లేని కళ్ళతో గోడకానుకుని ఉన్నాడు.

"రోజూ ఏడూ ఇరవైకి ఎటు పోయేటోనివి?"

"ఇంటికి సార్. చాయ తాగెతందుకు."

"దవాఖాన ముంగటనే చాయ హోటలుండె గద?"

"ఇంట్ల చాయ మంచిగుంటది సార్."

"మంచిది. మరి ఖాళీ సీసాలు ఎందుకు తీస్కపోయినవ్? ఇంట్ల సీసాల చాయ పోసుకుంటరా?"

కొమురెల్లికి నవ్వు రాలేదు. తల వంచుకున్నాడు. "జైలుకన్న పోత గని అది చెప్ప సార్. చెప్తే మా డాక్టరమ్మకు మొఖం ఎట్ల చూపియ్యాలె?"

రామలింగం నమలడం ఆపాడు. జైలంటే భయం లేదు, డాక్టరమ్మ అంటే సిగ్గు! పిల్లలకు విషం పెట్టినవాడు సిగ్గుపడే పద్ధతి ఇది కాదే అనుకున్నాడు. స్టూలు దిగి వెళ్ళి, బల్ల మీద వరసగా పెట్టిన సీసాలను ఒక్కొక్కటీ భూతద్దం కింద తిప్పి చూశాడు. పదకొండూ అయ్యేసరికి ముఖం వికసించింది.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, జర ఈ రబ్బరు మూత జూడు. ఎన్ని పోట్లున్నయి?"

"సూది పొడిస్తె పొక్క పడదా?"

"ఒక్కసారి పొడిస్తె ఒక్కటే పడ్తది. నీళ్ళు ఎక్కిచ్చుడు, మందు గుంజుడు, అంత ఒక్క పోటులనే అయిపోతది. ఈటికి రెండేసి ఉన్నయి. పదకొండింటికి పదకొండు."

"ఒకటి మందు కాజేసినందుకు, రెండోది సుద్ద నింపినందుకు," అన్నాడు వెంకట్రాజం చటుక్కున.

"ఎండు పొడిని సూదితోటి గుంజుతవా? ఏదీ, నీ ఇంట్ల పిండి డబ్బాల సిరంజి పెట్టి గుంజి చూపియ్యి, ఈ కేసు ఇడిసిపెట్టి పోత."

కానిస్టేబుల్ ఫక్కుమన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఉరిమి చూసేసరికి దగ్గుగా మార్చుకున్నాడు. "నాలుగింటికి కోర్టు," అన్నాడు వెంకట్రాజం పళ్ళ సందునుంచి. "పొట్టు ఎత్తి పో."

పదకొండున్నరకు రామలింగం లూనా బండి నర్సింగ్ హోము ముందు ఆగింది. డాక్టర్ శారద రౌండ్లు ముగించుకుని గదిలో కూర్చుంది. కొమురెల్లి పేరెత్తగానే ఆవిడ ముఖం ముడుచుకుపోయింది.

"పన్నెండేళ్ళుగా నా దగ్గర ఉన్నాడు. అతనలాంటి పని చేస్తే నేను స్టెతస్కోపు మూల పడేస్తాను. మేకను కోసినప్పుడు చేదుకట్టు పగలకుండా తీసేస్తారు చూడండి, అదే పిత్తాశయం. ఈ మందులో కొంత అక్కడికి చేరుతుంది. కొందరు పిల్లల్లో అక్కడే కాల్షియంతో కలిసి గడ్డకట్టి, స్కానింగులో అచ్చం రాయిలాగే కనబడుతోందని ఈమధ్యే విదేశీ పత్రికల్లో రాస్తున్నారు. మందు ఆపితే దానంతటదే కరిగిపోతుందట. కిరణ్‌కు సూదులు ఆపి ఇరవై రోజులైంది. ఇవాళ మూడింటికి మళ్ళీ స్కానింగు చేస్తాను."

"ఈ ముక్క ఇన్‌స్పెక్టర్‌కు చెప్పిన్రా?"

"చెప్పాను. అయితే ఆ పన్నెండు మందికి ఎందుకు రాలేదని అడిగాడు. దానికి నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా జవాబు లేదు. పాండురంగంగారింట్లో రెండు తరాలుగా మేనరికాలే. ఆ రక్తంలోనే ఏదో ఉందని నా అనుమానం. అనుమానమే సుమండీ, రుజువు కాదు. ఆ మాటంటే, పగబట్టింది కూడా ఆ ఇంటి మీదే కదమ్మా అని నవ్వాడు."

రామలింగం తల గోక్కున్నాడు. నిజమే, రెండు లెక్కలకీ అవే రెండు తలకాయలు సరిపోతున్నాయి. "ఒక్క సీసాల ఎంత మందుంటదమ్మా?"

"ఒక గ్రాము. ఆ వయసు పిల్లలకు అందులో సగం చాలు. మిగతా సగం పారబోయాల్సిందే. అంత ఖరీదైన మందు బక్కెట్లో పోస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది."

"పారబోసేది ఎవరు?"

"ఇంకెవరు, కొమురెల్లే." ఆ మాట అంటూనే ఆవిడ కళ్ళెత్తి చూసింది. అప్పటికే రామలింగం కుర్చీలో లేడు.

వార్డులో పాండురంగం మనవడికి దగ్గరుండి పాలు తాగిస్తున్నాడు. బొద్దు మీసాల పెద్దమనిషి, గొంతు మాత్రం బజారంత. రామలింగాన్ని చూడగానే లేచాడు. "ఆ దొంగ తరఫున వచ్చింది నువ్వేనా? నా ఇంటి పిల్లలు బాధపడుతుంటె మీకు పల్లీలు ఎట్ల మింగుడు పడ్తయయ్యా?"

"పిల్లగాని ముంగట లొల్లి వద్దు సేటూ. గిలాస ఎంత బాగున్నది, కొత్తదా?"

అంతే, వ్యాపారి కోపం సగం దిగిపోయింది. ఇత్తడి గ్లాసు తిప్పి చూపించాడు. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన చిన్న చిలుక బొమ్మ ఉంది. "మా నాయిన చేతి గుర్తు ఇది. అమ్మే సరుకు మీద కొట్టకపోతుండె. మా ఇంటి పిల్లల సామాను మీదనే. ఆయన పోయినంక ఆ ఉలి ఎవరికీ ఆడలేదు."

"మీ తోడబుట్టినోళ్ళు ఎంతమంది సేటూ?"

"ముగ్గురం అన్నదమ్ములం. ఆడపిల్లలు లేరు." మరీ తొందరగా వచ్చింది ఆ జవాబు. రామలింగం ఓ పల్లీ నోట్లో వేసుకుని బయటికి నడిచాడు.

శివనగర్‌లో కొమురెల్లి ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. పన్నెండూ నలభై అయింది. ముందురోజు వచ్చి రామలింగం కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన కొమురెల్లి పెళ్ళాం సమ్మమ్మ, గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమన్నరు సారూ? ఇడిసిపెడ్తరా?"

"నువ్వు నిజం చెప్తె ఇడిసిపెడ్తరు." రామలింగం లోపలికి వెళ్ళి చుట్టూ చూశాడు. పొయ్యి పక్కన స్పిరిట్ సీసా. దూది. సిరంజి ఉడకబెట్టే చిన్న గిన్నె. మంచం మీద ఆరేళ్ళ పిల్ల ముడుచుకుని పడుకుని, కొత్త మనిషిని చూసి దుప్పటి ముక్కు దాకా లాక్కుంది.

"నీ పేరేంది బిడ్డా?"

"స్వరూప."

"నీకు రోజు సూది ఎవరేసిన్రు?"

"మా నాయిన." పిల్ల గొప్పగా చెప్పింది. "పదకొండు సూదులు. ఒక్కనాడు గూడ ఏడ్వలే."

సమ్మమ్మ గోడ పట్టుకుని కూలబడింది. ఇక దాచడానికేం మిగిలింది? పిల్లకు టైఫాయిడ్ అని తేలిందట, ఆ మందు కొనే స్తోమత లేదట. పారబోయాల్సిన సగం మందును సీసాలోనే ఉంచి, సైకిల్ మీద పది నిమిషాల్లో తెచ్చి బిడ్డకు వేసేవాడట కొమురెల్లి. ఖాళీ సీసాలు వీధిలో పారేస్తే ఎవరి కంటన్నా పడతాయని డబ్బా వెనక దాచారట.

"దొంగతనమైతదని ఆయన ఏడ్సుకుంటనే ఏసిండు సారూ. డాక్టరమ్మకు తెలుస్తె పని పోతదని నోరు మూసుకున్నం. జరం తగ్గింది. గని నాలుగు రోజుల సంది కడుపుల నొస్తాందంటాంది."

"కడుపుల నొస్తాందా!" రామలింగం ఎగిరి గంతేసినంత పని చేసి, తల్లి ముఖం చూసి నాలిక్కరుచుకున్నాడు. "ఫికర్ చెయ్యకు చెల్లే. ఆ నొప్పే మీ ఆయనను బయటికి తెస్తది. పిల్లను లేపు, స్కానింగుకు పోవాలె."

మూలన ఓ ముసలమ్మ కూర్చుని ఉంది. సమ్మమ్మ తల్లి. మొగుడు కట్టయ్య పోయాక, రెండేళ్ళ కింద పాలకుర్తి నుంచి కూతురి దగ్గరికి వచ్చింది. చింతపండుతో ఓ పాత ఇత్తడి చెంబు తోముతూ ఉంది. కడిగి, నీళ్ళు ముంచి, రామలింగానికి అందించింది. తాగబోతూ ఆయన ఆగిపోయాడు. చెంబు మెడ కింద చుక్కల చిలుక. దాని పక్కన అరిగిపోయిన అక్షరాలు: సావిత్రి.

పల్లీ గొంతుకు అడ్డం పడింది. దగ్గి, తేరుకుని అడిగాడు. "అవ్వా, నీ పుట్టిల్లు ఏ ఊరు?"

"నాకు పుట్టిల్లు లేదు నాయినా. కులం కానోన్ని చేసుకున్ననని, బతికుండంగనే నా పేర నీళ్ళొదిలిన్రు."

"మీ అల్లుని మీద కేసు పెట్టింది ఎవరో ఎరుకేనా?"

ముసలమ్మ చెంబు తిరిగి తీసుకుంది. "ఎరుకే," అంది.

"ఎరుకై గూడ పోయి అడగలేదా?"

"పిలువని గడప నేను తొక్క," అంది ఆవిడ.

రామలింగం రిక్షా మాట్లాడి తల్లినీ పిల్లనూ ఎక్కించాడు. స్వరూప అమ్మమ్మ లేనిదే కదలనని మొండికేస్తే ఆవిడా ఎక్కింది. "ఆ చెంబు గూడ పట్టుకో అవ్వా, పిల్లకు నీళ్ళు కావాలె," అన్నాడు అమాయకంగా. ఇలాంటి అమాయకత్వం నటించడంలో ఆయన్ని మించినవాడు వరంగల్లులో లేడు.

ఒంటిగంట యాభైకి డాక్టర్ శారద స్వరూపను స్కానింగు బల్ల మీద పడుకోబెట్టింది. సగం మందు కథంతా విని ఆవిడకు కోపం వచ్చింది, ఆపైన కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా సమ్మమ్మా! పన్నెండేళ్ళు పనిచేసి నన్ను ఇంతేనా అర్థం చేసుకున్నది? బయటికి రానీ, చెప్తాను అతని సంగతి!" అని కసిరి తెర వైపు చూసింది. వేలు పెట్టి చూపించింది. "రామలింగంగారూ, ఇదిగో. అవే రాళ్ళు."

మూడూ అయిదుకు ఆవిడ గదిలో అందరూ చేరారు. ఇన్‌స్పెక్టర్ వెంకట్రాజాన్ని ఫోను చేసి రప్పించారు. పాండురంగం మనవణ్ణి ఎత్తుకుని నిలబడ్డాడు. సమ్మమ్మ తలుపు పక్కన ఒదిగి ఉంది. డాక్టర్ రెండు ఫిల్ములు వెలుతురులో పెట్టింది.

"ఇది ఇరవై రోజుల కిందటి కిరణ్ కడుపు. ఇది ఇప్పటిది. రాళ్ళెక్కడున్నాయో చూపించండి."

పాండురంగం కళ్ళు చికిలించాడు. "కనబడ్తలేవు గదమ్మా!"

"కరిగిపోయాయి. సుద్దయితే కరగదు. ఆపరేషనూ వద్దు, హైదరాబాదూ వద్దు. మాధవివి కూడా ఇలాగే పోతాయని నా నమ్మకం."

పాండురంగం మనవడి బుగ్గ గట్టిగా ముద్దు పెట్టుకున్నాడు. రామలింగం ఆ అదను వదల్లేదు, స్వరూప ఫిల్ము పెట్టి, రెండు పోట్ల రహస్యం, సగం మందు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "కొమురెల్లి తన బిడ్డకు గూడ అదే సీసాలకెల్లి ఏసిండు. పగబట్టినోడు సొంత బిడ్డకు సుద్ద ఎక్కిస్తడా సేటూ?"

వెంకట్రాజం చిన్నగా చప్పట్లు కొట్టాడు. "శభాష్. నీ గోతి నువ్వే తవ్వుకున్నవ్. ఆ ఇంటి రక్తంల ఉందని గదా మీ డాక్టరమ్మ చెప్పింది? కాంపౌండర్ బిడ్డకు ఆ ఇంటి రక్తం ఎక్కడిది? రక్తం లేదు, ఏం లేదు. మందే కల్తీది. పగ కాకపోతె కల్తీ. వాడు లోపలికి పోవుడు మాత్రం ఖాయం. మూడూ ఇరవై అయింది, నేను పోతాన."

సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టర్ శారద నిస్సహాయంగా రామలింగం వైపు చూసింది.

రామలింగం తీరిగ్గా జేబు దులుపుకున్నాడు. పల్లీలు అయిపోయాయి. "చెల్లే, సేటుకు దూప అయితాంది. జర నీళ్ళియ్యి."

సమ్మమ్మకు అర్థం కాలేదు. అయినా బయటికి వెళ్ళి చెంబు తెచ్చి పాండురంగం చేతికిచ్చింది. ఆయన ఎత్తి తాగబోయాడు. వేళ్ళ కింద చుక్కలు తగిలాయి. దించి చూశాడు. చిలుక. పేరు. నీళ్ళు చొక్కా మీద ఒలికిపోతున్నా ఆయనకు తెలియలేదు.

"అరే, దొంగ సామాను గూడ ఉందా?" అంటూ వెంకట్రాజం చెయ్యి చాపాడు.

"ముట్టకు!" అని పాండురంగం చెంబు వెనక్కి లాక్కున్నాడు. బొటనవేలితో చెంబు అడుగు తడిమాడు. అక్కడో సొట్ట ఉంది. "ఇది నేనే బాయి గట్టు మీద పడేసిన. నాకు ఏడేండ్లు. నాయిన కొడ్తడని, అక్క తానే పడేసిన్నని చెప్పి నా దెబ్బలు తిన్నది." ఆయన తలెత్తి సమ్మమ్మ ముఖంలోకి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నువ్వు ఎవరి బిడ్డవు?"

"పాలకుర్తి కట్టయ్య బిడ్డను సేటూ. మా అవ్వ పేరు సావిత్రి."

"ఆడపిల్లలు లేరంటివి సేటూ," అన్నాడు రామలింగం మెల్లగా. "నీళ్ళొదిలితె మనిషి లెక్కల నుంచి పోతది గని, రక్తం పోతదా? నువ్వు కోర్టుకు పంపుతున్నది మీ మేనకోడలి పెనిమిటిని. ఇన్‌స్పెక్టర్ సాబ్, పద్నాలుగు మందికి తోడు ఈ పిల్ల పదిహేను. పదిహేను మందిల ముగ్గురికే వచ్చింది. ముగ్గురూ ఒక్క ముత్తాత సంతతే. ఇప్పుడు చెప్పు, కాంపౌండర్ బిడ్డకు ఆ రక్తం ఎక్కడిది?"

డాక్టర్ శారద అప్పటికే కాగితం మీద గబగబా గీతలు గీసేస్తోంది, తాతలనుంచి మనవల దాకా. ఆవిడ ముఖంలో పండగ. వెంకట్రాజం టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"నా ఫిర్యాదు చింపెయ్యండి," అన్నాడు పాండురంగం. "నా అల్లుణ్ణి ఇప్పుడే ఇడిసిపెట్టుండ్రి. నేను తప్పు చెప్పిన, ఎక్కడ రాసియ్యమంటె అక్కడ రాసిస్త." మనవణ్ణి డాక్టరమ్మ ఒళ్ళో పెట్టి సమ్మమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. "బిడ్డా, మా అక్క ఎన్నడు పోయింది? చివరికి నన్నేమన్న యాది చేసిందా?"

సమ్మమ్మ ఏడుస్తూనే నవ్వింది. "పోవుడేంది మామా? బయట రిక్షాల కూసున్నది. పిలువని గడప తొక్కదంట. రెండు గంటల సంది అట్లనే ఉన్నది."

పాండురంగం చెప్పులు కూడా వేసుకోకుండా, చెంబు చేత పట్టుకుని, బజారంత గొంతుతో "అక్కా!" అని అరుస్తూ వరండాలోకి పరుగెత్తాడు.